అత్తయ్యగారి గదిలో పెయింట్‌బాల్ మార్కర్

పెయింట్‌బాల్ ఆడేవాళ్ళు దాన్ని తుపాకీ అనరు, మార్కర్ అంటారు. రంగు నింపిన గోళీలంత బంతుల్ని గాలి ఒత్తిడితో విసిరే యంత్రం అది. బంతి ఎవరి ఒంటి మీద పగిలి రంగు అంటుకుంటుందో వాళ్ళు ఆటలోంచి బయటికి వెళ్ళిపోవాలి. ఈ సంగతి నేను మా అపార్ట్‌మెంటు వాళ్ళకి చెప్పుకోవాల్సి వచ్చింది, మా ఆడపడుచుకి చెప్పుకోవాల్సి వచ్చింది, ఆఖరికి పడవేసుకుని వచ్చిన ఒక చేపల వేటగాడికి కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. చూడ్డానికి తుపాకీలాగే ఉంటుంది మరి.

నేను దాన్ని మొదటిసారి పట్టుకున్నది ఉద్యోగంలో ఉన్న రోజుల్లో. విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూసేదాన్ని. ఏడాదికోసారి ఆఫీసు వాళ్ళు అందర్నీ ఎక్కడికైనా తీసుకెళ్ళి, భోజనం పెట్టి, ఆటలాడించి పంపేవారు. ఆ ఏడు మంగళగిరి వైపు, కృష్ణ కరకట్ట పక్కన కొత్తగా పెట్టిన పెయింట్‌బాల్ మైదానానికి తీసుకెళ్ళారు. పంజాబీ డ్రెస్సు మీద వాళ్ళిచ్చిన మందపాటి చొక్కా తొడుక్కుని, మొహానికి మాస్కు బిగించుకుని, పాత టైర్లు పేర్చిన గోడ వెనక కూర్చున్నాను. ఎవర్నీ కొట్టలేదు. కాసేపటికి భుజం మీద దెబ్బ తిని, చెయ్యి పైకెత్తి బయటికి వచ్చేశాను. సరదాగానే ఉందనుకున్నాను. భుజం మీద మచ్చ పోయేసరికి ఆ సంగతే మర్చిపోయాను.

కొన్ని నెలలకి మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది.

ఆవిడది కూచిపూడి దగ్గర పల్లెటూరు. మావయ్యగారు పోయాక పొలం కౌలుకిచ్చి, గేదెల్ని అమ్మేసి మా దగ్గరికి వచ్చేశారు. మనిషి గట్టి, గొంతు ఇంకా గట్టి. ఊళ్ళో ఉన్నప్పుడు కాలవ అవతలి గట్టున పనిచేసే పాలేరుని ఇవతలి గట్టు మీద నుంచే కేకేసి పిలిచేవారట. మా ఫ్లాటుకి వచ్చాక రెండో అంతస్తు బాల్కనీలోంచి కింద కూరగాయల బండితో బేరమాడేవారు. వీధి చివరి ఇళ్ళవాళ్ళకి కూడా ఆ రోజు వంకాయల ధర తెలిసిపోయేది. ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాటంతా పోయి ఒక్క మాట మిగిలింది. ‘కాదు.’

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలితే ఒక్కోసారి ఇలా ఒక్క మాటే మిగులుతుందట. ఆవిడకి అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, నోటికొచ్చేసరికి మాత్రం అదే మాట అయిపోతుంది. అన్నం పెట్టనా అంటే కాదు. చాలా అంటే కాదు. దాహమైనా, నడుం నొప్పైనా, దోమ కుట్టినా కాదే. మెల్లగా ఆ మాటలో రకాలు నాకు తెలిసొచ్చాయి. సాగదీస్తే నీళ్ళు, తుంచేస్తే పక్కకి తిప్పమని, రెండుసార్లు కలిపితే బాత్రూము. ఇంకా చాలా రకాలు ఉండేవి. అవి నాకెప్పటికీ తెలియలేదు. తెలియనప్పుడు ఆవిడ నా వైపు చూసే చూపు మాత్రం తెలిసేది.

మా ఆయన మందుల డిస్ట్రిబ్యూటరు దగ్గర పనిచేస్తారు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ తిరుగుతూ ఉండాలి. అందుకని నేను సెలవు పెట్టాను. సెలవు అయిపోతే పొడిగించాను. ఆఖరికి మానేశాను. నన్నెవరూ మానెయ్యమనలేదు. ‘నీ ఇష్టం’ అన్నారు, ఆఫీసులోనూ, ఇంట్లోనూ. ఇష్టం ఎక్కడుందో నేను వెతుక్కునేలోపే ఆవిడని పక్కకి తిప్పే టైమయ్యేది.

రోజంతా ఆ గదిలోనే. మంచం, చక్రాల కుర్చీ, మందుల బల్ల, బాల్కనీ తలుపు. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఎప్పుడో మూసేసిన బీరువాల కొట్టు ఇనప షట్టరు. ఆయాను పెట్టుకున్నాం, మానేసింది. ఇంకొకామె వచ్చింది, ఆవిడా నిలవలేదు. పనిమనిషి వచ్చి అంట్లు తోముతున్నంతసేపు కిందకి వెళ్ళి పాల ప్యాకెట్లు తెచ్చుకునేదాన్ని. మెట్లు దిగుతుంటేనే వెనక్కి వెళ్ళాలనే తొందర మొదలయ్యేది.

అలా ఉండగా ఒక శనివారం మా పాత ఆఫీసులో స్నేహితురాలు ఫోన్ చేసి, రేపు కరకట్ట దగ్గర ఆటకి ఒక మనిషి తక్కువైంది, రాగలవా అని అడిగింది. రాలేనని చెప్పేశాను. పక్కనుంచి విన్న మా ఆయన, ఆదివారం పొద్దున తను ఇంట్లోనే ఉంటాగా, రెండు గంటలేగా, వెళ్ళి రమ్మన్నారు.

ఆ రోజు డ్రమ్ముల వెనక మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నాకొక సంగతి అర్థమైంది. మాస్కు లోపల నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడడం లేదు. నన్ను వెతుకుతున్నవాళ్ళు ఉన్నారు, కానీ కొట్టడానికే గానీ ఏదో అడగడానికి కాదు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే చేతి మీద కందిన గుండ్రటి మచ్చ చూసుకుని నవ్వొచ్చింది. తర్వాతి ఆదివారం కూడా వెళ్ళాను. అదే అలవాటైంది.

మైదానం వాళ్ళు అద్దెకిచ్చే మార్కర్లు మామూలువి, పాతవి. బంతి ఒకసారి చేరేది, ఒకసారి మధ్యలోనే వాలిపోయేది. మంగళగిరిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే బెంగళూరు అబ్బాయి ఒకతను మాత్రం సొంత మార్కర్ తెచ్చుకునేవాడు. ఎలక్ట్రానిక్‌ది. లోపల చిన్న బోర్డు, బ్యాటరీ ఉంటాయి. బంతి లోపలికి సరిగ్గా దిగిందో లేదో చూడ్డానికి గొట్టం మొదట్లో ఒక సెన్సర్ ఉంటుంది, దాన్ని కన్ను అంటారు. ఒకసారి నా చేతికిచ్చాడు. ట్రిగ్గర్ మీద వేలు ఆనించానో లేదో బంతి వెళ్ళిపోయింది. ఎక్కడికి చూశానో అక్కడే తగిలింది. రెండో అంతస్తులో ఆ గదిలో నేను అనుకున్నదొకటి జరిగేదొకటిగా గడుస్తున్న రోజుల్లో, అలా అనుకున్నచోటే తగలడం నాకు ఒంట్లో ఎక్కడో హాయిగా అనిపించింది.

అతనికి బెంగళూరు బదిలీ అయింది. కొత్తది కొనుక్కుంటున్నాడు, దీన్ని అమ్మేస్తానన్నాడు. ఉద్యోగం మానేసినప్పుడు నాకొచ్చిన డబ్బు అలాగే బ్యాంకులో ఉంది. అందులోంచి కొన్నాను. నా పేరు మీద ఉన్న డబ్బుతో నా ఒక్కదాని కోసం నేను కొనుక్కున్న పెద్ద వస్తువు అదే. మైదానంలో ప్లాస్టిక్ బల్ల మీద ఆ అబ్బాయి దాన్ని మొత్తం విప్పి, మళ్ళీ బిగించి, నా చేత కూడా విప్పించి బిగింపించాడు. లోపల గాలి బయటికి పోకుండా ఆపేవి చిన్న చిన్న రబ్బరు రింగులు. వాటికి గ్రీజు సరిగ్గా ఉండాలి, ఎక్కువైనా పని చెయ్యదు, తక్కువైనా ఎండిపోతాయి.

“ఆడకపోయినా వారానికోసారి విప్పి చూడండి మేడమ్. మీ ఊళ్ళో ఉక్క ఎక్కువ. ఊరికే ఉంచితే పాడైపోతుంది” అన్నాడు.

ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ పెడతావని మాత్రం అడిగారు. ఎక్కడ పెడతాను, నేనెక్కడ ఉంటే అక్కడే. అత్తయ్యగారి గదిలో మందుల బల్ల కింది అరలో పెట్టాను. ఆవిడ చూసి “కాదు” అన్నారు. అది ఏ కాదో నాకు అప్పట్లో తెలియలేదు.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే ఆదివారాలు పోయాయి. మా ఆయనకి కంపెనీ ఇంకో రెండు ఊళ్ళు అప్పగించింది, ఆదివారం కూడా లెక్కలని, మీటింగులని వెళ్ళేవారు. అత్తయ్యగారికి వీపు మీద పుండు లేచింది, అది మానే వరకు ఇంకొకరికి వదిలిపెట్టి కదిలే వీల్లేకపోయింది. కొన్నాళ్ళకి మైదానం వాళ్ళ కంప్రెసర్ కూడా చెడిపోయింది. మార్కర్‌కి కావలసిన గాలి చిన్న సిలిండర్‌లో చాలా ఒత్తిడితో నింపాలి. టైర్లకి కొట్టే గాలి దానికి చాలదు. ఆటోనగర్‌లో ఇద్దరు ముగ్గుర్ని ఫోన్ మీద అడిగితే, ఎందుకమ్మా అన్నారు, చెబితే పెట్టేశారు.

ఆట లేదు, కానీ పని మాత్రం ఉంది. వారానికోసారి మంచం పక్కన కింద కూర్చుని, పాత మంగళగిరి దుప్పటి పరుచుకుని, స్టీలు పళ్ళెంలో భాగాలన్నీ వరసగా పెట్టేదాన్ని. పాత గ్రీజు తుడవడం, కొత్తది రాయడం, కన్ను మీద దుమ్ము దూదితో తియ్యడం, బ్యాటరీ తీసి చూడ్డం. ఉక్క ఎక్కువైన నెలల్లో లోపలి స్క్రూల మీద తుప్పు చుక్కల్లా కనిపించేది. డబ్బాలో పెట్టిన రంగు బంతులైతే తేమకి ఉబ్బి మెత్తబడేవి. అత్తయ్యగారిని పక్కకి తిప్పాలి, వీపు తుడవాలి, పౌడరు రాయాలి. దీన్ని విప్పాలి, తుడవాలి, గ్రీజు రాయాలి. బయటపడదామని కొనుక్కున్నది కూడా నన్ను ఆ గచ్చు మీదే కూర్చోబెట్టింది. ఒకరోజు ఈ సంగతి నాకు చాలా స్పష్టంగా తోచింది. అమ్మేద్దామనుకున్నాను. ఫోటోలు కూడా తీశాను. ఎవరికీ పంపలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం రబ్బరు రింగుల్లో ఒకటి కనపడలేదు. అలాంటిది బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సిందే. మంచం కింద, దుప్పటి మడతల్లో, పౌడరు డబ్బా వెనక, అంతా వెతికాను. వెతికి వెతికి, ఎప్పుడూ లేనిది ఏడుపొచ్చేసింది. తల పైకెత్తితే అత్తయ్యగారు ఎడం చెయ్యి మంచం అంచు మీద ఆనించి నా వైపు చూస్తున్నారు. రింగు ఆవిడ చిటికెన వేలికి ఉంది. ఎప్పుడు తీసుకున్నారో, ఎలా తొడుక్కున్నారో తెలియదు. ఫిజియోథెరపీ ఆయన ఆ వేళ్ళు ఆడించమని రబ్బరు బంతి ఇచ్చి ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోని మనిషి. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

తర్వాతి వారం నుంచి పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టేదాన్ని. ఆవిడ ఎడం చేత్తో ఒక్కో రింగునీ గ్రీజులో దొర్లించి నాకు అందించేవారు. ఒక్కోసారి ఇచ్చేవారు, ఒక్కోసారి పారేసేవారు. పారేసినవి నేను ఏరుకునేదాన్ని. పని రెట్టింపు అయ్యేది, పొద్దు మాత్రం గడిచేది.

ఎండాకాలంలో కంప్రెసర్ బాగయిందని తెలిసి, మా ఆయన చేత సిలిండర్ నింపించుకుని బిగిస్తే, గొట్టంలోంచి బుస్సుమని గాలి పోతోంది. లోపల ఎక్కడో రింగు పట్టడం లేదు. బంతులేం లేవు, ఉత్త గాలే. అదే సమయానికి కరెంటు పోయింది. గదిలో గాలాడక ఆవిడ మొహం మీద చెమటలు కారుతున్నాయి. నాకేం తోచిందో, గొట్టం మూతి కొంచెం దూరంగా పెట్టి ఆ గాలి ఆవిడ చెంపకి తగిలేలా పట్టుకున్నాను. చల్లటి గాలి. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తర్వాత నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటిసారి, మొహం ఒక పక్కే కదిలింది గానీ నవ్వే. సిలిండర్ ఖాళీ అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను. ఆదివారం ఆడుకుందామని తెచ్చుకున్న గాలంతా అలా అయిపోయింది.

బాల్కనీ తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నందుకు పక్క బ్లాకులో ఎవరో చూసినట్టున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు వచ్చారు. చాలా మర్యాదగా, మీ ఇంట్లో ఆయుధమేదో ఉందని అందరూ కంగారు పడుతున్నారండీ అన్నారు. తీసి చూపించాను, రంగు బంతి చేతిలో పెట్టాను. ఆయన అన్నీ విని, మీరు చెబుతున్నారు కాబట్టి సరేగానీ తలుపు వేసుకుని చేసుకోండమ్మా అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ పని చేసేటప్పుడు తలుపు మూసి, కర్టెన్ కూడా వేసేదాన్ని. అసలే చిన్న గది. ఇంకా చిన్నదైంది.

వానాకాలం చివర్లో వరద వచ్చింది. ముందురోజు మా ఆయన అవనిగడ్డ వెళ్ళారు. రాత్రంతా కురిసిన వాన పొద్దుటికి తగ్గింది, అమ్మయ్య అనుకుని బాల్కనీలోకి వస్తే వీధి లేదు. ఊరి పైన వాగు పొంగి కట్ట తెగిందట. గోధుమరంగు నీళ్ళు కింద పార్కింగులో స్కూటర్ల హ్యాండిళ్ళ దాకా వచ్చి, చూస్తుండగానే వాటినీ ముంచేశాయి. కరెంటు పోయింది. మోటారు లేక కుళాయిల్లో నీళ్ళు ఆగిపోయాయి.

పక్క ఫ్లాటు వాళ్ళు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని గుండెల్లోతు నీళ్ళల్లో వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు తలుపు కొట్టి, పెద్దావిడని మొయ్యడం మావల్ల కాదండీ, బయటికెళ్ళగానే పడవ పంపిస్తామన్నారు. చెప్పే ఉంటారు. పడవలు పెద్ద రోడ్డు మీద తిరుగుతున్నాయి గానీ మా సందులోకి రావడం లేదు. మా మెట్ల వైపు మేమిద్దరమే మిగిలాం. మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను, దారులన్నీ మూసేశారు, ఎలాగైనా వస్తానన్నారు. ఆ మాట మధ్యలో ఫోన్ ఆగిపోయింది.

ఒక సంగతి చెబితే విడ్డూరంగా ఉంటుంది. నాకు భయం వేసింది గానీ కొత్తగా ఏం అనిపించలేదు. అదే గది, అదే మనిషి, అదే బాల్కనీ. అంతకుముందు అన్నాళ్ళూ నేను చిక్కుకుపోయానని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. నీళ్ళు వచ్చాక మాత్రం చిక్కుకుపోయారు పాపం అని ఊరంతా అంటుంది కదా అనుకున్నాను.

గ్యాసు ఉంది కాబట్టి జావ కాచి పెట్టాను. క్యాన్‌లో మంచినీళ్ళు ఆవిడకి ముందు, నాకు తర్వాత. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు అయిపోవచ్చాయి. ఆ మాత్రలు అయిపోతే ఏమవుతుందో డాక్టరుగారు నాకు బాగా చెప్పి ఉన్నారు. గాలి తగులుతుందని ఆవిడని చక్రాల కుర్చీలో బాల్కనీ తలుపు దగ్గర కూర్చోబెట్టాను. పెద్ద రోడ్డు మీద పడవ ఇంజను చప్పుడు వినిపించినప్పుడల్లా అరిచేదాన్ని. నాది సన్నటి గొంతు. సందు మలుపు దాకా కూడా వెళ్ళేది కాదు. చీర ఊపాను. ఊపడానికి ఎవరైనా చూడాలి కదా.

రెండో రోజు మధ్యాహ్నం ఎదురుగా ఆ ఇనప షట్టరు చూస్తుంటే తట్టింది. సగం దాకా నీళ్ళలో ఉంది, సగం పైకి ఉంది. బంతి తగిలితే మోగుతుంది. ఎండాకాలంలో పట్టని రింగు మార్చి, సిలిండర్ మళ్ళీ నింపించి ఉంచిందే. బంతులు ఉబ్బి ఉన్నాయి, వాటిల్లో కొంచెం గుండ్రంగా ఉన్నవి ఏరి మార్కర్ మీది డబ్బాలో పోశాను. ఇంజను చప్పుడు దగ్గరవుతుండగా షట్టరు మీదకి గురిపెట్టి కొట్టాను. ఢామ్మని మోగింది. సందంతా మోగింది. ఇంకోటి, ఇంకోటి. షట్టరు మీద నారింజరంగు మరకలు కారుతున్నాయి. ఇంజను చప్పుడు మా సందు మొగ దాకా వచ్చి నెమ్మదించింది. అప్పుడు ఒక మెత్తటి బంతి గొట్టంలోనే పగిలింది. రంగు కన్నుకి అడ్డం పడింది. కన్నుకి ఏం కనపడకపోతే అది పేలదు, అలా చెయ్యడమే దాని గొప్పతనం. చిన్న ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. చున్నీ చివర గొట్టంలో దూర్చి తుడుస్తున్నాను. ఇంజను చప్పుడు దూరమవుతోంది.

నా వెనకనుంచి కేక వినిపించింది. “కాదు.” అత్తయ్యగారు ఎడం చేత్తో బాల్కనీ కడ్డీ పట్టుకుని, కుర్చీలోంచి ముందుకి వాలి, “కాదు... కాదు...” అని అరుస్తున్నారు. అది కూరగాయల బండితో బేరమాడిన గొంతు కూడా కాదు, కాలవ దాటే గొంతు. జబ్బు చేశాక అది పోయిందనుకున్నాను. నీళ్ళ మీద నుంచి వెళ్ళి గోడలకి తగిలి తిరిగొస్తోంది. ఇంజను ఆగింది. తర్వాత పడవ ముక్కు సందులోకి తిరిగింది.

పడవలో ఇద్దరు. పెద్దాయన బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి తన పడవని లారీ మీద ఎక్కించుకుని వచ్చాడట. మెట్ల దాకా వచ్చి, నీళ్ళలోకి దిగి పైకొచ్చాడు. తలుపు తీసి ఎదురెళ్ళాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నా చేతిలో మార్కర్ ఉంది. చేతులకీ, చున్నీకీ, మొహానికీ నారింజరంగు. వెనక ఆవిడ ఇంకా కాదు కాదు అని అరుస్తూనే ఉన్నారు.

“అమ్మా, ముందు అది కింద పెట్టండి” అన్నాడు మెల్లగా.

“ఇది ఆట వస్తువండీ.”

“సరేనమ్మా, ఆట వస్తువే. కింద పెట్టండి.”

పెట్టాను. ఆయన నన్ను దాటుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళి, కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు. “పెద్దమ్మా, ఈవిడ నిన్నేమైనా చేసిందా?”

ఆవిడ అరవడం ఆపారు. నా వైపు చూశారు. ఆవిడ ఏం చెప్పాలనుకున్నా నోటికొచ్చే మాట ఒక్కటే. “కాదు” అన్నారు. ఆ ఒక్కసారి మాత్రం అడిగినదానికి అది సరైన జవాబు.

ఆయన తల ఊపి లేచాడు. ప్లాస్టిక్ కుర్చీ తెమ్మన్నాడు. ఆవిడని అందులో కూర్చోబెట్టి చీరతో నడుం దగ్గర కట్టి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని దింపారు. సామాన్లు వద్దు, మనుషులే అన్నాడు. మందుల సంచి ఒకటి మెళ్ళో వేసుకున్నాను. మార్కర్ గుమ్మం పక్కన గచ్చు మీదే ఉండిపోయింది. పడవలో ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆయన ఇంజను మోతలోనే, ఇంతకీ దాంతో ఏం చేస్తారమ్మా అని అడిగాడు. చెప్పాను. రంగు అంటితే ఓడినట్టా అన్నాడు. అవునన్నాను. మీరు బాగానే ఓడారు అన్నాడు నా చున్నీ చూసి.

మా ఆయన పెద్ద రోడ్డు చివర, నీళ్ళు ఆగిన చోట నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో పాంటు మోకాళ్ళ దాకా బురద. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నారు.

అక్కడి నుంచి ఉయ్యూరులో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. చుట్టూ చెరకు తోటలు, కొత్తగా కట్టుకున్న డాబా. వాళ్ళు బాగానే చూశారు. అయినా పరాయి ఇంట్లో నాకు చోటు లేదు, కూర్చున్న చోట కాళ్ళు ముడుచుకునే కూర్చునేదాన్ని. పడవాయన కథ మా ఆయన నవ్వుతూ చెబితే ఆడపడుచు నవ్వలేదు. అమ్మ మంచం పక్కన తుపాకీలేంటి వదినా, ఇంట్లో కూర్చుని చేసే పని అదేనా అంది. తుపాకీ కాదు, రంగు బంతుల ఆట వస్తువని చెప్పుకున్నాను. అమ్మని ఇక తనే చూసుకుంటానంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. మొదటి వారం తను చేసేవన్నీ చూస్తూ కూర్చున్నాను. ఎలా తిప్పాలో చెబుదామని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని.

తర్వాత తర్వాత ఆమె కళ్ళ కింద నల్లబడ్డాయి. బజారుకి వెళ్ళిన మనిషి సగంలో తిరిగొచ్చేది. ఒకరోజు వంటింట్లో నా పక్కన నిలబడి, గిన్నె కడుగుతూ, “రెండేళ్ళు ఎలా చేశావు వదినా?” అని అడిగింది. అందులో నన్ను మెచ్చుకోవడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే ఉంది. ఎలా చేశానో నాకూ తెలియదన్నాను. ఆ సాయంత్రం మేం నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ అని ఒప్పందమైంది. ముందే ఎందుకు మాట్లాడుకోలేదో ఎవరం అడగలేదు.

నీళ్ళు తీశాక ఒక్కదాన్నే ఫ్లాటుకి వచ్చాను. మెట్లంతా మందంగా బురద, గోడ మీద నీళ్ళు నిలిచిన గీత. మా అంతస్తుకి నీళ్ళు రాలేదు గానీ అంతా బూజు వాసన. మార్కర్ వదిలిన చోటే ఉంది. గొట్టంలో రంగు బెల్లప్పాకంలా గట్టిపడింది. బ్యాటరీ కారి బోర్డంతా పచ్చగా పొక్కులు లేచింది. బెంగళూరు అబ్బాయికి ఫోటో పంపితే, పార్టుల కింద అమ్మేయండి మేడమ్ అన్నాడు. వేడినీళ్ళలో గుడ్డ తడిపి గొట్టం తుడవడం మొదలుపెట్టాను. పక్కన మంచం ఖాళీగా ఉంది. గంటకోసారి లేవబోయి కూర్చునేదాన్ని. ఎవరూ పిలవడం లేదని తెలిసినా ఒళ్ళు లేచేది.

కొత్త బోర్డు తెప్పించి వేశాను. ఎందుకని మా ఆయన అడిగారు, కోపంగా కాదు. ఆ గదిలో నన్ను కట్టేసినవాటిలో నేను కోరి తెచ్చుకున్నది ఇదొక్కటేనండీ అన్నాను. ఆయన, గాలి సిలిండర్ ఎక్కడ నింపిస్తావు మరి అన్నారు.

కరకట్ట పక్కన మైదానం కృష్ణలో కలిసిపోయింది, మళ్ళీ తెరవలేదు. నూజివీడు వెళ్ళే దారిలో మామిడితోట పక్కన ఇంకొకరు పెట్టారు. ఇంట్లోంచే చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. అత్తయ్యగారు ఉయ్యూరులో ఉన్న నెలల్లో ఆదివారం పొద్దున్నే మార్కర్ సంచిలో పెట్టుకుని బస్సెక్కుతాను. అక్కడ ఆడేవాళ్ళంతా కాలేజీ పిల్లలు, నన్ను ఆంటీ అంటారు. మొన్నటిసారి మొదటి ఆటలోనే దెబ్బ తిని వల బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆడపడుచు ఫోన్ చేసింది. అమ్మ కుడి పక్కకి తిరగనంటోంది, భుజం పట్టుకోవాలా నడుం పట్టుకోవాలా అని అడిగింది. ముందు మోకాలు మడిచి, తర్వాత నడుం పట్టుకోమని చెప్పాను. తను ఫోన్ పక్కన పెట్టి అలా చేసి, మళ్ళీ వచ్చి, తిరిగిందంది. ఇంకేమైనా అడుగుతుందేమోనని కాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. ఏం అడగలేదు. లోపల పిల్లలు తర్వాతి ఆటకి పిలుస్తున్నారు. మాస్కు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.